టీవీ ముందు తెరుచుకున్న నోరు

పిల్లల కేంద్రాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలూ, మీరందరూ నాకంటే ఎక్కువ చదువుకున్నవాళ్లే. నేను అక్షరాలు దిద్దింది నలభై ఒకటో ఏట, రేపల్లెలో, పొలం పనులకు వెళ్లే ఆడవాళ్ల కోసం పెట్టిన సాయంత్రం బడిలో. ఈ రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. ఒక్క తప్పు మాత్రం దిద్దకండి. అది రాతలోది కాదు, ఉద్యోగంలోది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పడానికే కలం పట్టాను.

పనికి వెళ్లే తల్లుల పిల్లలను చూసుకునే కేంద్రాలు మా సంస్థకు మూడు ఉండేవి. రేపల్లెలో ఆయాగా చేరాను, బాపట్లలో రిటైరయ్యాను. ఈ సంగతి మధ్యలో తెనాలిలో ఉన్నప్పటిది. నన్ను తెనాలికి మార్చింది కూడా చదువు వల్లే. పిల్లల బరువు కార్డులు రాయగలిగే ఆయా కావాలన్నారు. అక్కడ వంట నాదే, తినిపించడం నాదే, తూచడం నాదే. పాటలు, ఆటలు, బొమ్మలు టీచరమ్మవి. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. పెద్దగా నవ్వేది, నన్ను ఆయమ్మా అని పిలిచేది. మాకు పైన ఒక సూపర్‌వైజర్ సారు. బాపట్ల ఆఫీసు నుంచి నెలకోసారి వచ్చేవారు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. ఎవరో దాత ఇచ్చారని సారు ఒక ఆటోలో కలర్ టీవీ, సీడీ ప్లేయరు, ఒక అట్టపెట్టె నిండా సీడీలు తెచ్చి దించారు.

"ఏమ్మా, ఇక నీకు సగం పని తగ్గింది. పిల్లల్ని ఇదే చూసుకుంటుంది," అన్నారు.

"ఎవరైనా ఉచ్చపోస్తే ఇదే తుడుస్తదా సార్?" అన్నాను.

టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారు నవ్వలేదు.

నాది మొదటి నుంచీ అనుమానపు బుర్ర. మాట్లాడడమే తప్ప వినడం తెలియని మనిషిని నేను నమ్మను. ఆ పెట్టె కూడా అలాంటిదే అనిపించింది. నాకు అక్షరాలు నేర్పిన అమ్మాయి డిగ్రీ చదువుతుండేది. నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించేది. నా చెయ్యి ఆగితే ఆమె చెయ్యీ ఆగేది. నేను తల గోక్కుంటే కాసేపు చూసి, "మళ్లీ మొదలెడదామా అత్తా?" అనేది. ఈ పెట్టె ఎవరి కోసం ఆగుతుంది? ఆ దాత మీద కూడా నాకు అనుమానమే. సీడీల అట్టలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. కొట్లో అమ్ముడుపోనివి మాకు అంటగట్టి పుణ్యం రాయించుకున్నారేమో అనుకున్నాను. మొత్తం పదకొండు. ఒక్కో అట్ట మీది పేరూ కూడబలుక్కుంటూ చదివాను. సగం ఇంగ్లీషు.

టీచరమ్మకు మాత్రం పండగే. "పిల్లలు కదలకుండా కూర్చుంటున్నారు ఆయమ్మా, చూడండి!" అంది మొదటి రోజే.

"అదేనండి నా భయం," అన్నాను.

ఇప్పుడు ఆ పాప సంగతి చెప్పాలి.

మూడున్నరేళ్ల పిల్ల. తల్లి బట్టల కొట్టు వెనక కుట్టుమిషను మీద పనిచేసేది, తండ్రి లారీ మీద క్లీనరు. ఇంట్లో ఉర్దూ, మా దగ్గర తెలుగు మాట్లాడే పిల్ల. గుండెలో రంధ్రం ఉంది. నాలుగడుగులు పరుగెత్తితే పెదాలు కమిలినట్టయ్యేవి. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఆపరేషన్ చేస్తే మామూలు పిల్లలా తిరుగుతుందని చెప్పారు. కాకపోతే పది కిలోలు ఉండాలన్నారు. అంతకు తక్కువైతే తట్టుకోలేదట. ఆలస్యమైనా ప్రమాదమేనట. మా దగ్గర చేరినప్పుడు పాప ఎనిమిదిన్నర కిలోలుంది.

మొదటి రోజు తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. "నాలుగు మెతుకులు పెట్టాలంటే నాలుగు వీధులు తిప్పాలి పెద్దమ్మా. తిన్నది తిన్నట్టు ఊసేస్తది. నువ్వేం చేస్తావో నాకు తెలీదు, దీన్ని పది కేజీలు చెయ్యి."

పప్పన్నంలో నెయ్యి వేశాను. గుడ్డు మెదిపి కలిపాను. పాలల్లో అరటిపండు పిసికాను. పాప పళ్లు బిగించి, మొహం తిప్పేసేది. నెల తిరిగేసరికి వంద గ్రాములు కూడా పెరగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం టీవీలో ఏదో బొమ్మల సీడీ నడుస్తోంది. ఒక ఎలుక, దాని వెనక ఇంకేదో, ఒకటే పరుగులు. పక్కనున్న బాబుకు తినిపిస్తూ, పొరపాటున చెయ్యి జరిగి ముద్ద పాప నోటి దగ్గరకు వెళ్లింది. నోరు తెరుచుకుంది. పాప నావైపు చూడలేదు. మింగింది. ఇంకో ముద్ద పెట్టాను. మళ్లీ తెరుచుకుంది. గిన్నె ఖాళీ అయింది.

ఆరోజు నుంచి టీవీని అనుమానించిన మనిషే టీవీకి పెద్ద అభిమాని అయింది. భోజనాల వేళ కరెంటు పోతే సబ్‌స్టేషన్ వాళ్లను నేను తిట్టినంతగా ఎవరూ తిట్టి ఉండరు. పాప చేతిలో రిమోట్ ఉంటే ఇంకా కుదురుగా ఉండేది. నొక్కడం రాదు, ఊరికే గుండెకు ఆనించి పట్టుకునేది. దాన్ని లాక్కుంటే ఏడుపు. పోనీలే అని వదిలేశాం.

తొమ్మిదయింది. తొమ్మిదింబావు అయింది. కార్డు మీద ఆ అంకెలు గుండ్రంగా రాసి, దూరంగా పెట్టి చూసుకునేదాన్ని. లేటుగా అక్షరాలు వచ్చినవాళ్లకు తమ చేతిరాత మీద ఎంత ముచ్చటో మీకు తెలియదు. సారు ఆ కార్డును బాపట్ల మీటింగుకు పట్టుకెళ్లి అందరికీ చూపించారు. "తెనాలి పద్ధతి చూడండి, పెరుగుదల అంటే ఇదీ," అని మిగతా కేంద్రాలకూ భోజనాల వేళ టీవీ పెట్టమన్నారు. టీ తాగేటప్పుడు రేపల్లె ఆయా నా డొక్కలో పొడిచింది.

"నిజం చెప్పు వదినా, టీవీయేనా? ఏం కలిపి పెడుతున్నావే?"

"హస్తవాసి వదినా," అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని, నిజమని నమ్మే అన్నాను. ఎందుకంటే పాప ఇంట్లో ఇంకా తినడం లేదు. తల్లి రోజూ ఆ మాటే చెప్పేది. "నీ చేతిదైతే తింటది పెద్దమ్మా. నేను పెడితే మొహం తిప్పుద్ది. కన్నతల్లి చెయ్యి చేదయిపోయింది దీనికి." నేను ఆమెను ఓదార్చేదాన్ని. ఓదారుస్తూ లోపల పొంగిపోయేదాన్ని. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

అనుమానం పూర్తిగా చావలేదు. పాప నోరు తెరుస్తుంది, సరే. మరి అన్నం చూస్తోందా? ఒకరోజు ఉప్పు లేని అన్నం పెట్టాను. తినేసింది. ఇంకోరోజు నా డబ్బాలోని కాకరకాయ కూర, బెల్లం వెయ్యని చేదుది, చిటికెడు కలిపి పెట్టాను. పెద్దవాళ్లే మొహం చిట్లించేంత చేదు. పాప తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా నమిలి మింగి, మళ్లీ నోరు తెరిచింది.

టీచరమ్మ దగ్గరకు పరుగెత్తాను. "కాకరకాయ తినేసిందండి!"

"మంచిదేగా ఆయమ్మా. మా ఆయనే తినడు."

"చేదని తెలియట్లేదండి దానికి."

"తెలియకపోతేనే కదా తినేది!" అని నవ్వింది.

నేను కూడా నవ్వి ఊరుకున్నాను. బరువు పెరుగుతోంది కదా. పది కిలోలు వచ్చాక చూసుకుందాం అనుకున్నాను. నేను దిద్దవద్దన్న తప్పు ఇదే. అనుమానం రావడం తప్పు కాదు. వచ్చిన అనుమానాన్ని అంకె చూసి అణిచెయ్యడం తప్పు.

ఒక శనివారం కాటా ముల్లు పది మీదకు వచ్చింది. మా కాటా దూలానికి వేలాడేది. దానికి ఉయ్యాల లాంటి గుడ్డసంచి, అందులో పిల్లను కూర్చోబెట్టాలి. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. సారుకు ఫోన్ చేసింది. తల్లి కొట్లో సెలవు అడిగింది. సోమవారం పొద్దున ముగ్గురం గుంటూరు రైలెక్కాం. కార్డు నా జాకెట్టులో ఉంది.

ఆసుపత్రిలో నర్సమ్మ గౌను, పట్టీలు తీసి పాపను కాటా మీద నిలబెట్టబోతే పెద్ద ఏడుపు. కాళ్లు ముడుచుకుంది, చేతులు చాచి దేనికోసమో వెతికింది. "రిమోట్... రిమోట్..." అని గోల.

"ఏమడుగుతోందమ్మా?" అంది నర్సమ్మ.

తల్లికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ప్రతి శనివారం ఆ పిల్ల గుడ్డసంచిలోకి దిగేది రిమోట్ చేతిలో ఉంటేనే. మొదట్లో అది తూకంలోకి వస్తుందని నాకు తట్టనే లేదు. తర్వాత ఎప్పుడైనా తట్టిందా? తట్టి ఉంటుంది. అప్పుడు కూడా ముల్లు వైపే చూసి ఉంటాను.

నర్సమ్మ కాటా మీద తొమ్మిది కిలోల ఎనిమిది వందలు వచ్చింది.

డాక్టరమ్మ కార్డు చూశారు, పాపను చూశారు. గ్రాముల గురించి నన్నేమీ అనలేదు. "తనంతట తను తింటుందా? ఆకలి అని అడుగుతుందా?" అన్నారు.

తల్లి నావైపు చూసింది. నేను చెప్పక తప్పలేదు. "టీవీ పెట్టి తినిపిస్తున్నామండి. అడగదండి."

"ఆపరేషన్ అయ్యాక మా వార్డులో టీవీ ఉండదమ్మా. దాహమైతే చెప్పాలి, నొప్పైతే చెప్పాలి, పెట్టింది తినాలి. నెల రోజులు ఆగుదాం. టీవీ లేకుండా తినడం నేర్పించి తీసుకురండి. తగ్గనివ్వకండి మళ్లీ."

తిరుగు రైలెక్కాం. పాప తల్లి ఒళ్లో నిద్రపోయింది. రెండు స్టేషన్లు దాటాక తల్లి అంది, "మా ఇంట్లో టీవీ లేదు పెద్దమ్మా."

"తెలుసమ్మా."

"ఒక్క మాట చెప్పొచ్చుగా? నా చెయ్యి మంచిది కాదేమోనని ఎన్నాళ్లు ఏడ్చానో తెలుసా? మసీదు దగ్గర తాయెత్తు కట్టించుకున్నా, బిడ్డకి కాదు, నాకు. ఈ చేతికి." కుడి దండచెయ్యి చూపించింది. నల్లదారం ఉంది.

హస్తవాసి అని చెప్పుకుని తిరిగిన మనిషిని. జాకెట్టులోంచి కార్డు తీసి ఆ పదిని చూసుకుని మళ్లీ లోపల పెట్టుకున్నాను. తెనాలి వచ్చింది.

మర్నాడు చేసిన మొదటి పని రిమోట్‌ను సందు చివర కిరాణా కొట్టుకు పట్టుకెళ్లడం. "దీన్ని తూచు నాయనా," అన్నాను. కొట్టతను వింతగా చూశాడు. "కేజీ ఎంతకిస్తారేంటి?" అన్నాడు. బ్యాటరీలతో సహా నూట యాభై గ్రాముల పైన ఉంది. మిగతాది గౌను, కాలి పట్టీలు అయ్యుంటాయి. కేంద్రానికి వచ్చి కార్డు తీసి, గుండ్రంగా రాసుకున్న పదిని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తొమ్మిది ఎనిమిది వందలు అని రాశాను.

సారు వచ్చినప్పుడు అది చూసి చిందులు తొక్కారు. "కార్డులో కొట్టివేతలు ఉండకూడదమ్మా! బాపట్లలో అందరికీ చూపించాం. ఇప్పుడేం చెప్పమంటావ్?"

"రిమోట్‌తో కలిపి తూచామని చెప్పండి సార్."

"నీకు నాలుగక్షరాలు రావడమే మా ప్రాణం మీదకొచ్చింది," అన్నారు.

భోజనాల వేళ టీవీ మీద నా పాత చీర కప్పాను.

ఆ వారం ఎలా గడిచిందో తలచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. పాప మొదటి రోజు చీరను లాగి ఏడ్చింది. రెండో రోజు ఏడవనైనా లేదు, చీర వైపు చూస్తూ కూర్చుంది. నోరు తెరవలేదు. పాలు మాత్రం రెండు గుక్కలు. శనివారం చేతులు ఖాళీ చేసి తూచితే తొమ్మిదిన్నర. టీచరమ్మ భయపడిపోయింది.

"ఒక్క పూట పెట్టేద్దాం ఆయమ్మా. పిల్లకేమన్నా అయితే ఎవరు చెప్తారు సమాధానం?"

"నేను చెప్తానండి."

అన్నాను గాని, నిజంగా నాకేం తెలుసు? టీవీ మీద నాకున్నది జ్ఞానం కాదు, అనుమానం. అనుమానంతో ఒక పిల్ల ప్రాణం పందెం వెయ్యొచ్చా? అందుకే ఆ మధ్యాహ్నం నుంచి పిల్లలతో పాటు కూర్చుని ఆ పదకొండు సీడీలూ ఒక్కొక్కటీ చూశాను. అంతకుముందు వాటిని నేను వాడుకున్నానే గాని ఒక్కటీ చూసి ఎరగను. ముద్ద మీదే ఉండేది నా చూపు.

నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. పది నిమిషాలు నడిపించి, హఠాత్తుగా చీర కప్పేసేదాన్ని. తర్వాత పిల్లలేం చేస్తారో చూసేదాన్ని. ఎలుక సీడీకి అందరూ గుక్కపెట్టి ఏడ్చారు. ఇంగ్లీషు పాటల సీడీకి సగం మంది ఏడ్చారు, సగం మంది శూన్యంలోకి చూశారు. రంగురంగుల అక్షరాలు గిరగిరా తిరిగే సీడీ మీద టీచరమ్మకు చాలా ఆశ ఉండేది. చీర కప్పాక, "ఇప్పుడేం చూశాం నాన్నా?" అని అడిగితే ఒక్కరూ ఒక్క అక్షరం చెప్పలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. "నేనే రోజూ పెట్టానండి ఇది," అంది.

తొమ్మిదో సీడీ అన్నిటికంటే పాతది. అట్ట కూడా చిరిగిపోయింది. అందులో పరుగులు లేవు. ఒక పెద్దావిడ పీట మీద కూర్చుని, గుడ్డబొమ్మలకు అన్నం కలిపి పెడుతుంది. అంతే. "పిల్లి బాబుకి ముద్ద ఎవరు పెడతారు?" అని అడిగి, మనవైపు చూస్తూ ఊరుకుంటుంది. నిజంగా ఊరుకుంటుంది. ప్లేయరు ఆగిపోయిందేమోనని టీచరమ్మ లేచింది కూడా. అంతలో వెనక నుంచి ఒక బాబు, "నేను!" అని అరిచాడు. రేపల్లె బడిలో నా చెయ్యి ఆగితే ఆగిన ఆ అమ్మాయి గుర్తొచ్చింది నాకు.

చీర కప్పాను. ఎవరూ ఏడవలేదు. లేచి మూలనున్న బొమ్మలు తెచ్చుకున్నారు. మూకుడు మూతలు, కొబ్బరి చిప్పలు తెచ్చుకున్నారు. వంటింట్లోంచి నా గరిటె కూడా మాయమైంది.

మా పాపకు బొమ్మ దొరకలేదు. అటూ ఇటూ చూసి, రిమోట్ తెచ్చుకుని ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఉత్త వేళ్లతో ముద్ద కలిపి, దాని బటన్ల మీద పెట్టి, "తిను," అంది. "తిను, అమ్మీ కొడుతుంది."

నేను పరుగున వెళ్లి గిన్నెలో పప్పన్నం తెచ్చి దాని ముందు పెట్టాను. నోట్లో పెట్టలేదు, ముందు పెట్టానంతే. అది నిజం అన్నం ముద్ద చేసి రిమోట్‌కు పూసింది. తర్వాత నాకు పెట్టింది. నేను తిన్నాను. తర్వాత టీచరమ్మకు. చివరికి, వేళ్లకు అంటుకున్నది తను నాకింది. నాకి, నావైపు చూసింది. ఆ కళ్లు అన్నం తింటూ నన్ను చూడడం అదే మొదటిసారి.

"ఉప్పు," అంది. అవును, ఆ రోజు తొందరలో ఉప్పు ఎక్కువేశాను.

టీచరమ్మకు కన్నీళ్లు ఆగలేదు. ఆ రిమోట్ మళ్లీ పనిచెయ్యలేదు లెండి. బటన్ల సందుల్లో పప్పు ఎండిపోయింది. సారుకు ఎలుకలు కొరికాయని చెప్పాం. ఆ సీడీలో ఎలుకే కదా అని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను.

తర్వాత అంతా సాఫీగా సాగిందని మాత్రం అనుకోకండి. కొన్ని రోజులు నాలుగు ముద్దలు, కొన్ని రోజులు రెండు. ఆ పెద్దావిడ సీడీని రోజుకొక్కసారి, భోజనానికి ముందు, పది నిమిషాలు పెట్టేవాళ్లం. పక్కన మేమిద్దరం కూర్చునేవాళ్లం, ఆమె ఆగిన చోటల్లా పిల్లలతో మాట్లాడేవాళ్లం. రెండేళ్లు నిండని పిల్లలను అటు రానిచ్చేదాన్ని కాదు. మిగతా పది సీడీల్లో ఇంకొక్కటి పనికొచ్చింది, తొమ్మిదింటిని అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాను. సాయంత్రం తల్లి వచ్చినప్పుడు పాప చేత ఆమెకూ ముద్ద పెట్టించేదాన్ని. ఇంటి దగ్గర కూడా అలాగే మొదలుపెట్టు, ముందు నీకు పెట్టనీ, అని చెప్పాను. మొదట్లో ఆమె నా మాట నమ్మలేదు. నమ్మమని అడిగే మొహం నాకూ లేదు.

గుంటూరు వెళ్లడానికి నెల అనుకున్నది ఏడు వారాలు పట్టింది. ఆ రోజు పాపను గౌను కూడా విప్పి, పట్టీలు తీసి, సంచిలో కూర్చోబెట్టాను. ముల్లు పది దాటింది. నాకు నమ్మకం కుదరలేదు. "చేతులు చూపించు," అన్నాను. రెండు అరచేతులూ చాపింది. కిందికి వంగి సంచి కింద తడిమాను. టీచరమ్మ నడుము పట్టుకుని నవ్వింది. "ఇంకా అనుమానమేనా ఆయమ్మా!"

"ఇంకో కాటా మీద కూడా తూచుదామండి," అన్నాను. ఈసారి కిరాణా కొట్టులో బియ్యం బస్తాల కాటా మీద తూచాం. అక్కడా అంతే వచ్చింది.

ఆపరేషన్ జరిగింది. నేను వెళ్లలేదు, కేంద్రంలో పిల్లలున్నారు. నాలుగో రోజు తల్లి ఆసుపత్రి బయటి రూపాయి ఫోన్ నుంచి మా పక్క కొట్టుకు ఫోన్ చేసింది. టీచరమ్మా నేనూ పరుగెత్తాం. రిసీవరు నా చేతికిచ్చారు.

"బానే ఉంది పెద్దమ్మా. పొద్దున కళ్లు తెరిచి అమ్మీ అంది. నీళ్లడిగింది. మధ్యాహ్నం ఆకలి అంది. తనే అంది, నేనడక్కుండానే." ఫోన్లో ఇంకో రూపాయి పడిన చప్పుడైంది.

"నర్సమ్మ పెడతానంటే తినలేదు," అంది. "నీ చేతిది కూడా అడగలేదు పెద్దమ్మా. నా చేతిదే అడిగింది."

"అంతకంటే నాకేం కావాలమ్మా," అన్నాను. అనేటప్పుడు కొంచెం బాధ కూడా కలిగింది, దాచను. ఫోన్ పెట్టేసి కేంద్రానికి తిరిగొచ్చాను. పిల్లలు భోజనాలకు కూర్చుని ఉన్నారు. టీవీ మీద చీర కప్పే ఉంది. గిన్నెలు వాళ్ల ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.